నల్లని ఇసుక, నిర్మల శక్తి

భీమునిపట్నము మొదలుకొని కళింగపట్టణము, భావనపాడుల మీదుగా ఒడిశాలోని గంజాము వరకు సాగిన తూర్పు తీరమున, కెరటము వెనుకకు మరలిన పిమ్మట తడి ఇసుకపై నల్లని చారలు నిలిచియుండుట తీరవాసులకు నిత్యము కనబడు దృశ్యము. బడిపిల్లలు ఆ చారలలో అయస్కాంతమును పొర్లించి, దాని కంటుకొన్న నల్లని రేణువులను కాగితముమీద నిలువబెట్టి ఆడించి వినోదింతురు. ఆ ఆటవస్తువునకు తోబుట్టువులైన రేణువులే నేడు మంత్రివర్గ సమావేశములకును, దేశముల నడుమ వాణిజ్య వివాదములకును కారణమగుచున్నవని, గాలిమరలకు విద్యుద్వాహనములకు ప్రాణభూతమైన లోహములు వానియందే ఇమిడియున్నవని తెలిసినప్పుడు, ఆ తీరమును చూచు దృష్టియే మారును. దృష్టి మారినంతనే ఒక ప్రశ్నయు పుట్టును: లోకమునకు పొగలేని శక్తి నిచ్చుటకై ఈ తీరమును తవ్వవలసివచ్చినచో, ఆ తవ్వకము ఎట్లు సాగవలెను, ఎవరి నడిగి సాగవలెను?

కొండనుండి కడలికి

ఈ ఖనిజముల పుట్టినిల్లు సముద్రము కాదు, కొండలు. తూర్పు కనుమలలోని ఖొండలైటు, చార్నకైటు శిలలు ఎండకు పగిలి, వానకు నాని, యుగయుగముల క్షయముచేత రేణువులై, నాగావళి వంశధారాది నదుల వెంట కడలిని చేరినవి. అచ్చట కెరటములును, పోటుపాటులును, తీరప్రవాహములును కలిసి, చేట పట్టిన ఇల్లాలు ధాన్యమును చెరిగి పొల్లును ఎగురగొట్టినట్లు, తేలిక ఇసుకను దూరమునకు నెట్టి, బరువైన రేణువులను ఒడ్డున కుప్పవోసినవి. సాధారణపు ఇసుకలోని స్ఫటికము నీటికంటె రెండున్నర రెట్లకు కొంచెము మించి బరువుండగా, ఇల్మనైటు నాలుగున్నర రెట్లకు పైగను, మోనజైటు ఐదు రెట్ల మేరకును బరువుండును. ప్రకృతి చేసిన వడపోతకు ఈ భేదమే మూలము; మానవుడు కట్టుకొన్న కర్మాగారమునకును ఇదియే మూలము.

ఇట్లు చేరిన ఖనిజములలో ఏడింటిని ముఖ్యముగ చెప్పుదురు: ఇల్మనైటు, రూటైలు, ల్యూకాక్సీను, జిర్కాను, సిల్లిమనైటు, గార్నెటు, మోనజైటు. మొదటి మూడింటినుండి విమానములకు వలసిన టైటానియము మొదలుకొని గోడలకు పూయు తెల్లరంగు వరకు అనేక వస్తువులు లభించుచున్నవి. జిర్కానునుండి తీసిన జిర్కోనియముతో హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సువారు అణువిద్యుత్ కేంద్రముల ఇంధన నాళికలను తయారుచేయుచున్నారు. గార్నెటు సానపట్టుటకును, సిల్లిమనైటు కొలిమి ఇటుకలకును పనికివచ్చును. ఇక మోనజైటు నల్లనిది కాదు; తేనెవన్నె గల చిన్న రేణువు. దాని బరువులో సగమునకు పైగా రేర్ ఎర్త్స్ అని వ్యవహరింపబడు అరుదైన మృత్తికాలోహములును, నూటికి ఎనిమిది పది పాళ్లు వికిరణధర్మము గల థోరియమును ఉండును. హైదరాబాదు కేంద్రముగ పనిచేయు అణుఖనిజ అన్వేషణ పరిశోధన సంస్థ లెక్కలలో మోనజైటు నిల్వలయందు ఆంధ్రప్రదేశము దేశములోనే అగ్రస్థానమున ఉన్నది.

మన తీరముల మోనజైటునకు లోకమున పేరు వచ్చిన విధము విచిత్రమైనది. 1909లో షోంబర్గు అను జర్మను రసాయనవేత్త, తిరువాన్కూరు ప్రాంతమునుండి ఐరోపాకు ఎగుమతియైన కొబ్బరిపీచున కంటుకొని వచ్చిన ఇసుకలో ఈ ఖనిజమును గుర్తించి, దాని జాడపట్టి దక్షిణ తీరమునందలి మణవాళకురిచ్చిని చేరెను. ఆనాటి ఐరోపా నగరవీథులలో వెలుగు గ్యాసుదీపములకు థోరియము పూసిన మేంటిలులు కావలసియుండెను. మన పెండ్లిపందిళ్లలో వెలిగిన పెట్రోమాక్సు దీపపు మేంటిలు ఆ వంశమునకు చెందినదే. అనగా నూరేండ్లకు పూర్వమే మన ఇసుక పరుల వెలుగునకు వినియోగపడినది. స్వాతంత్ర్యానంతరము 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడి, 1952లో కేరళలోని ఆల్వాయియందు కర్మాగారము ప్రారంభమైన తరువాతనే ఈ ఖనిజము దేశ ప్రయోజనమునకై శుద్ధిచేయబడుట మొదలయ్యెను.

అయస్కాంతపు ఆకలి

మేంటిలుల కాలము గతించిన పిమ్మట మోనజైటులోని రెండవ సంపదయైన మృత్తికాలోహములు ప్రధానమైనవి. 1983 ప్రాంతమున జపానులో సగావా, అమెరికాలో క్రోట్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగ నియోడిమియమను మృత్తికాలోహము, ఇనుము, బోరాను కలిపి మహాబలము గల అయస్కాంతమును సాధించిరి. పిడికిట పట్టు ముక్క మనుష్యుని బలముతో విడదీయరానంతగా ఇనుమునకు అంటుకొను ఆ అయస్కాంతమే నేటి విద్యుత్ కారు మోటారునకు హృదయము. ఒక్కొక్క కారులో ఒకటి రెండు కిలోల అయస్కాంతము చాలును గాని, పళ్లచక్రములు లేక నేరుగా తిరుగు పెద్ద గాలిమరలో ఒక్క మెగావాట్టు సామర్థ్యమునకే అరటన్నుకు తక్కువ కాకుండ కావలెను.

పొగ మానిన యంత్రము లోహమును అధికముగ కోరును. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ఒక విద్యుత్ కారునకు సాధారణ కారుకంటె ఆరు రెట్లు, భూమిమీద నిలుపు గాలిమరల కేంద్రమునకు అదే సామర్థ్యము గల గ్యాసు విద్యుత్ కేంద్రముకంటె తొమ్మిది రెట్లు ఖనిజము వలయును. బొగ్గు కాల్చుట తగ్గించిన కొలది రాగి, లిథియము, నికెలు, కోబాల్టు, మృత్తికాలోహములు తవ్వుట పెరుగుచున్నదని దీని తాత్పర్యము.

ఈ మృత్తికాలోహముల శుద్ధిలో పదింట తొమ్మిది పాళ్లు చైనా చేతిలో ఉన్నది. 2025 ఏప్రిలులో ఆ దేశము ఏడు లోహముల ఎగుమతికి ప్రత్యేకానుమతి తప్పనిసరి చేసినప్పుడు, అయస్కాంతములు అందక అనేక దేశముల వాహన పరిశ్రమలు కలవరపడెను. అంతకుముందే మన దేశము మేల్కొన్నది: 2023లో 30 కీలక ఖనిజముల జాబితా వెలువడెను, అదే సంవత్సరము మే నెలలో విశాఖపట్టణమున సమేరియము, కోబాల్టు కలిసిన అయస్కాంతముల కర్మాగారము జాతికి అంకితమయ్యెను, 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ కీలక ఖనిజ మిషనునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. ఈ ప్రయత్నము అవసరమైనదే. పరాధీనతలో ఉన్న శక్తి నిర్మలమైనను నిశ్చింతమైనది కాజాలదు.

దూరదేశముల పాఠములు

అయినను, అవసరము ఎంత సత్యమో, ఆ అవసరము పేరిట జరిగిన అన్యాయములును అంత సత్యములే. కాంగో దేశమున లోకమునకు వలసిన కోబాల్టులో మూడింట రెండు పాళ్లకు పైగా లభించుచున్నది. ఆ దేశపు కోల్వేజీ ప్రాంతమున గడ్డపలుగులతో సొరంగములు తవ్వుకొని ధాతువును బస్తాలకెత్తు పేదల నడుమ చిన్నపిల్లలును ఉన్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో సవివరముగ లోకమునకు తెలియజేసెను. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు అటకామా ఉప్పుమైదానమున గని అనిపించు గోతులే లేవు. భూమిక్రింది ఉప్పునీటిని తోడి విశాలమైన మడులలో సంవత్సరముకంటె అధికకాలము ఎండబెట్టి లిథియమును గ్రహింతురు. వాన దాదాపు ఎరుగని ఆ నేలలో ఆ నీరెంత తోడవచ్చునో, దానితోపాటు పశువులకు పైరులకు ఆధారమైన మంచినీరెంత తగ్గునో అను వివాదము ఆదివాసులైన లికనాంతాయ్ ప్రజలకును సంస్థలకును నడుమ ఇంకను ముగియలేదు. అయితే అచ్చటనే 2016లో ఒక గని సంస్థ తన వార్షిక విక్రయములలో మూడున్నర శాతమును ఆ ప్రజల మండలికి చెల్లించుటకు ఒప్పందము చేసికొనుట గమనింపదగినది. అది లాభములో వాటా కాక అమ్మకములో వాటా యగుటచేత, లెక్కలలో నష్టము చూపి తప్పించుకొనుటకు వీలులేనిది.

మన తీరమునకు అత్యంత సన్నిహితమైన పాఠము మాత్రము మలేషియాలోని ఇపో నగర సమీపమున గల బుకిట్ మేరా గ్రామమునుండి వచ్చినది. అచ్చట 1982లో మోనజైటువంటి ఖనిజములనుండి మృత్తికాలోహములను తీయు కర్మాగారము ప్రారంభమయ్యెను. శుద్ధి చేయగా మిగిలిన థోరియపు వ్యర్థమును సరిగా భద్రపరుపలేదని, తమ పిల్లలకు రోగములు సంభవించుచున్నవని గ్రామస్థులు 1985లో న్యాయస్థానము కెక్కిరి. సంస్థ దానిని నిరాకరించెను. 1992లో హైకోర్టు గ్రామస్థుల పక్షమున తీర్పు చెప్పెను. మరుసటి యేట పై న్యాయస్థానము దానిని త్రోసివేసెను. అయినను 1994లో కర్మాగారము మూతపడెను. ఆ తరువాత ఆ నేలను శుభ్రపరచి వ్యర్థమును కొండక్రింద పాతిపెట్టుటకు అయిన వ్యయము పది కోట్ల డాలర్ల మేరకు చేరినదని వార్తలు వెలువడెను. పండ్రెండేండ్లు నడచిన కర్మాగారము విడిచిపోయిన బాధ్యత రెండు దశాబ్దములు వెంటాడినది.

ఇసుకతిన్నె లోపల

తీరపు ఇసుక తవ్వకమున ఒక సౌలభ్యము కలదని ఒప్పుకొనుట న్యాయము. ఇందు మందుగుండు పేలుళ్లు లేవు. పాతాళమువంటి సొరంగములు లేవు. ఇసుకను తవ్వి, నీటితో కలిపి మెలికల తొట్లలో జార్చినచో బరువైనది లోపలి అంచునకు, తేలికది వెలుపలికి చేరును. తరువాత అయస్కాంతములతోను, అధిక విద్యుత్పీడనముతోను ఖనిజములను ఒకదానినుండి ఒకదానిని వేరుచేయుదురు. విలువగల ఖనిజము పోగా మిగిలిన అధిక భాగమైన తెల్లని ఇసుకను తిరిగి గోతిలో నింపి పైన మొక్కలు నాటవచ్చును. శ్రద్ధ యున్నచో ఈ పని వెనువెంటనే జరుగును. ఒకవైపు తవ్వుచుండగనే వేరొకవైపు పూడ్చుచు పోవుట దీనియందు సాధ్యము.

కాని ఇసుకతిన్నె కేవలము ఇసుక కుప్ప కాదు. దాని గర్భమున వాననీరు నిలిచి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో క్రింద సుమారు నలుబది అడుగుల మంచినీరు ఉప్పును అణచిపట్టునని భూజలశాస్త్రము చెప్పుచున్నది. అందువలన తిన్నె తగ్గి దానిలోని నీటిమట్టము కొంచెము దిగినను, దిగినదానికి నలుబది రెట్ల మేర లోపలి మంచినీటి పొర పలుచబడుటకు అవకాశము కలుగును. తీరగ్రామపు నూతులలో ఉప్పు తగులుట అట్లే ఆరంభమగును. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వంటి తుపానులు ఈ తీరముననే ఒడ్డుదాటినవి. ఉప్పెనకు ముందుగా ఎదురొడ్డునవి తిన్నెలును, వానిని వేళ్లతో పట్టియుంచు మొగలిపొదలును, సరుగుడు తోటలును. పూడ్చిన ఇసుక పరిమాణమున సరిపోవచ్చును గాని, వేళ్లు కట్టిపెట్టిన పూర్వపు దార్ఢ్యము దానికి వచ్చుటకు ఏండ్లు పట్టును. పడవలు ఒడ్డు చేర్చు రేవులు, వలలు ఆరవేయు మైదానములు, సముద్రపు తాబేళ్లు గ్రుడ్లుపెట్టు ఇసుకమేటలు ఆ స్థలముననే ఉన్నవని మరువరాదు.

వికిరణము విషయమున భయమును వాస్తవమును వేరుచేసి చూడవలెను. మోనజైటు అధికముగ గల కేరళలోని కరునాగపల్లి ప్రాంతమున అనేక సంవత్సరములు సాగి 2009లో ప్రకటితమైన పరిశోధనలో, ఇసుకనుండి సహజముగ వచ్చు వికిరణముచేత క్యాన్సరు అధికమైనట్లు కనబడలేదు. పైగా మోనజైటును తొలగించిన నేలలో వికిరణము తగ్గును. ప్రమాదము తీరమున చెదరియున్న రేణువులో కాక, కర్మాగారమున ఒకచోట గుమిగూడిన థోరియమునందు ఉన్నది. మన దేశమున థోరియమును భావి అణుకార్యక్రమమునకై భద్రపరచుచున్నారు. ఆ నిల్వ ఎంతకాలమైనను కట్టుదిట్టముగ నుండుట, దాని చుట్టుప్రక్కల నేల, నీరు, గాలి కొలతలు ఊరివారికి ఎప్పటికప్పుడు తెలియుట బాధ్యతాయుతమైన తవ్వకమునకు ప్రథమ లక్షణములు.

అడుగుట అను మొదటి మెట్టు

శాస్త్రము సమకూర్చు జాగ్రత్తలన్నియు అమలు జరుగవలెనన్నచో, వానిని అడుగు హక్కు గల మనుష్యులు తీరమున ఉండవలెను. ఈ విషయమున తెలుగునేల దేశమునకు దారి చూపినది. అనంతగిరి మండలములో గిరిజన భూములను ప్రైవేటు గనులకు లీజుకిచ్చుటను సమత అను స్వచ్ఛందసంస్థ ప్రశ్నింపగా, సుప్రీంకోర్టు 1997లో, షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు గనుల లీజు నీయరాదని, తవ్వకపు నికర లాభములో కనీసము ఇరువది శాతమును స్థానికుల అభివృద్ధికి వేరుపరుపవలెనని తీర్పుచెప్పెను. వన్ ఆఫ్ సెవెంటీ అని మన్యములో పిల్లవానికి సైతము తెలిసిన భూబదలాయింపు చట్టమునకు ఆ తీర్పు వెన్నెముక యయ్యెను. తరువాత 2013లో ఒడిశాలోని నియమగిరి బాక్సైటు విషయమున, గ్రామసభలే నిర్ణయింపవలెనని ఆ న్యాయస్థానమే పలుకగా, పండ్రెండు గ్రామసభలును వలదనెను, గని ఆగిపోయెను.

తీరమున నివసించు మత్స్యకారులకు ఈ కవచము లేదు. వారి గ్రామములు షెడ్యూల్డు ప్రాంతములు కావు. సమత తీర్పు వారికి వర్తింపదు. అటవీహక్కుల చట్టము సామాన్యముగ వారి దరిచేరదు. వారికి మిగిలిన ప్రధాన ద్వారము, 2006 నాటి పర్యావరణ నియమావళి క్రింద జరుగు ప్రజాభిప్రాయ సేకరణ. ఆ సభలు అనేక స్థలములలో షామియానాలు, పోలీసుల కావలి, ముందే సిద్ధమైన ప్రసంగములతో తంతుగా ముగిసిన మాట నిజమే. అయినను తుదకు ఒక అధికారి ఎదుట నిలిచి, తన నూతి సంగతి, తన వల సంగతి తన భాషలో చెప్పి వ్రాయించుకొను అవకాశము అచ్చట సామాన్యునకు లభించుచుండెను.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అణు ఖనిజముల, కీలక ఖనిజముల తవ్వక ప్రతిపాదనలకు ఆ ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయింపు నిచ్చెను. దేశరక్షణకును పరిశ్రమలకును ఈ ఖనిజములు అత్యవసరములని, జాప్యము తగదని దానికి చూపిన కారణము. కారణము అసత్యము కాదు. కాని పరిష్కారము రోగమునకు తగినది కాదు. గని ఆలస్యమగుటకు కారణములు అన్వేషణ లోపము, లీజు వివాదములు, శుద్ధి విద్య కొరవడుట మొదలైనవి అనేకము కలవు. మన ఇసుకలోని మోనజైటులో నియోడిమియము ఉన్నను, అధిక ఉష్ణమునందు అయస్కాంతమును నిలుపు డిస్ప్రోసియము వంటి బరువు లోహములు అల్పము. లోహమును అయస్కాంతముగ మార్చు కర్మాగారములు కొలది. ఇవి ప్రజాభిప్రాయ సభల వలన వచ్చిన లోపములు కావు. బుకిట్ మేరా కర్మాగారమునకు న్యాయస్థానమున గడచిన ఏండ్లను, తదుపరి పరిశుభ్రతకు వెచ్చించిన ధనమును లెక్కించినచో, మొదట అడుగుటకు పట్టు కొన్ని నెలలు స్వల్పమని తేలును. అడుగుట జాప్యము కాదు. గని పనులలో అది మొదటి పని.

బాధ్యతకు కొలతలు

కావున బాధ్యతాయుతమైన తవ్వకమును గూర్చి సామాన్య పాఠకుడు అడుగదగిన ప్రశ్నలు అంత కష్టమైనవి కావు. తవ్విన ప్రతి భాగమును ఎన్నాళ్లలో పూడ్చవలెనో లీజుపత్రమున వ్రాసియున్నదా? మూసివేతకు వలయు ధనమును తవ్వకము మొదలగుటకు పూర్వమే డిపాజిటు చేసిరా? తిన్నెలలో కొన్నింటిని ఎన్నటికి ముట్టరాదని గుర్తించిరా? 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి చేరు రాయల్టీ వాటా, ఆ గని నీడలో నున్న గ్రామముల మంచినీటికి, వైద్యమునకు వినియోగమగుచున్నదా, లేక దూరపు పట్టణమున రోడ్లకు పోవుచున్నదా? 2019 జనవరిలో బ్రెజిల్ దేశపు బ్రుమాదిన్యోలో గని వ్యర్థపు ఆనకట్ట తెగి 270 మంది మరణించిన తరువాతనే, వ్యర్థ నిర్వహణకు ప్రపంచస్థాయి ప్రమాణమును 2020లో రూపొందించిరి. ప్రమాణము శవముల తరువాత రాకూడదు; ముందు రావలెను.

తవ్వకమును తగ్గించు మార్గములును బాధ్యతలో భాగములే. పాతబడిన కంప్యూటరు డిస్కులలో, మోటారులలో, స్పీకర్లలో నియోడిమియము నిదురించుచున్నది. ఐరోపా సంఘము 2023 నాటి శాసనముతో, 2031నుండి వాహన బ్యాటరీలలో కోబాల్టున నూటికి 16 పాళ్లు, లిథియమున 6 పాళ్లు, నికెలున 6 పాళ్లు తిరిగి వాడిన లోహమై యుండవలెనని విధించినది. మన దేశమున 2022లో బ్యాటరీ వ్యర్థముల నియమములు వచ్చినవి. అయస్కాంతములకు అట్టి కట్టడి ఇంకను గట్టిపడవలసియున్నది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన సంఘము 2024 సెప్టెంబరులో సమర్పించిన నివేదికలో మానవహక్కులను ఖనిజవాణిజ్యమునకు మూలసూత్రముగ పేర్కొనుటయు ఇందుకే.

ఈ తీరమున ఇసుక తవ్వవలదని నేను వాదించుట లేదు. బొగ్గుగనుల ధూళిలో తరములు గడిపిన దేశము గాలివిద్యుత్తును కోరుట ధర్మము. కాని లీజుపత్రము, పూడిక ప్రణాళిక, వికిరణపు కొలతలు, నిధి లెక్కలు తెలుగులో ముద్రించి పంచాయతీ కార్యాలయము గోడపై అంటించుటకు ఏ దేశరక్షణయు అడ్డురాదు; వానిపై గ్రామస్థుల మాట వినుటకు ఒక సభ జరుపుటకును అడ్డురాదు. కేంద్రము మినహాయించినను రాష్ట్ర ప్రభుత్వము తన లీజు షరతులలో ఆ సభను తప్పనిసరి చేయవచ్చును, చేయవలెను. ఆ షరతును ఓర్వలేని సంస్థకు ఈ తీరమును అప్పగింపకుండుటయే రాష్ట్రమునకు క్షేమకరము.